కెమెరా ఒడ్డు విడిచి వెళ్లిపోయాక

‘తండేల్’ ఓటీటీలోకి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, గోపాల్‌పూర్ దగ్గరి జాలరిపేటలో తెలిసినవారి ఇంట్లో కూర్చుని ఆ సినిమా చూశాను. గంజాం జిల్లా ఒడ్డున ఉండే ఈ జాలర్లను ఒడియావారు నోలియాలంటారు. బడిలో చదువు ఒడియాలో సాగినా వీరి ఇళ్లలో మాట తెలుగే. కథ కరాచీ జైలుకు చేరి చాలాసేపైన తర్వాత, గోడకు జారగిలబడి చూస్తున్న ఒక పెద్దావిడ నా వైపు తిరిగి, “మరి ఇంటికాడ ఆ పిల్ల సంగతేటి బాబూ? సూపించరా?” అని అడిగింది.

ఆ సినిమాకు ప్రేరణ నిజంగా జరిగిన ఘటన. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు పాకిస్థాన్ చేతికి చిక్కారు. ఏడాదికి పైగా జైల్లో గడిపాక, 2020 జనవరిలో వారిలో 20 మంది వాఘా మీదుగా తిరిగి వచ్చారు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కాబట్టి వారి కష్టం మాకు ఇరుగుపొరుగు కష్టమే. సొంత ఒడ్డున వేట గిట్టుబాటు కాక, ముందుగా అడ్వాన్సు పుచ్చుకుని, దేశానికి అవతలి తీరంలో ఎవరి బోటు మీదనో నెలల తరబడి బతకడమన్నది ఈ తీరంలోని ఊళ్లకు కొత్త సంగతి కాదు.

దర్శకుడు చందూ మొండేటి ఈ కథలో పట్టుకున్న అసలైన భావం ప్రేమ కాదు, కోపం అని నా అభిప్రాయం. వేటకు వెళ్లవద్దని నాయిక సత్య (సాయి పల్లవి) బతిమాలుతుంది, నాయకుడు రాజు వెళతాడు, ఆమె మరొక సంబంధానికి ఒప్పుకుంటుంది. మన సినిమాల్లో నాయిక నాయకుడికి దూరం కావాలంటే మధ్యలో ఒక అపార్థమో, ఒక దుర్మార్గుడో ఉండడం రివాజు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. అతడు మంచివాడే, తన జట్టు బాధ్యతను మోస్తున్నవాడే, అయినా భయంతో బతకడం ఇక తన వల్ల కాదని ఒక ఆడపిల్ల తేల్చుకుంటుంది. ఎదురుచూపు అనగానే కన్నీళ్లు, దీపం, గుమ్మం చూపించే అలవాటు నుంచి బయటపడి, ఎదురుచూపులో పేరుకుపోయే కోపాన్ని సాయి పల్లవి ముఖంలో నిలబెట్టిన ఆ ఘట్టాలు ఇటీవలి తెలుగు సినిమాలో నేను చూసిన అత్యంత నిజాయితీ గల ఘట్టాల్లో చేరతాయి.

అయితే ద్వితీయార్ధంలో కథ బరువంతా జైలు గోడల మీదకు, రెండు దేశాల మధ్య వైరం మీదకు, 370 అధికరణం రద్దు నాటి ఉద్రిక్తత మీదకు మళ్లిపోయింది. సత్య పట్టుదలగా పోరాడుతూ అప్పుడప్పుడు కనిపిస్తుంది గానీ, ఆమె ఇల్లు కనిపించదు. అడ్వాన్సు సొమ్ము అయిపోయాక పొయ్యి ఎలా వెలిగింది, అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడితే ఏం సమాధానం చెప్పారు, పిల్లలతో నాన్న గురించి ఏమన్నారు? పెద్దావిడ అడిగింది వీటి గురించే. జైలు దృశ్యాల్లో ఆవేశం ఉంది, ఆవేదన తక్కువ.

దుఃఖాన్ని ఇంట్లోనే నిలిపి చూపితే ఎంత బలం వస్తుందో 2023లో ‘బలగం’ చూపించింది. వేణు యెల్దండి తీసిన ఆ చిత్రంలో ముసలాయన చనిపోతాడు. కర్మకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. అల్లుడికి నల్లిబొక్క (మూలుగ ఎముక) వడ్డించలేదన్న పట్టింపు ఏళ్ల తరబడి రెండిళ్లను విడదీసిందన్న విషయం మొదట నవ్వు తెప్పిస్తుంది. ఆ నవ్వు ఆగకముందే, ఎముక ముక్క వెనుక ఉన్నది మర్యాద, మర్యాద వెనుక ఉన్నది తోబుట్టువు కోసం పడిన బెంగ అని మనకు తెలిసిపోతుంది. ఎవరూ ఎవరికీ క్షమాపణ గురించి ఉపన్యాసమివ్వరు. చివర ఊరూరా కథలు పాడే బుడగ జంగాల పాట ఆ పని చేస్తుంది. అందుకే తెలంగాణ పల్లెల్లో ఊరంతా తెర కట్టించుకుని, ఒకచోట కూర్చుని ఆ సినిమా చూసింది. అది మా యాస కాదు, కర్మ జరిపే పద్ధతీ మాది కాదు. అయినా మా ఇంట్లో చూసినవారందరికీ తమ ఇంటి పాత తగాదాయే గుర్తుకొచ్చింది.

2024 జనవరిలో వచ్చిన ‘90స్’ సిరీస్ కూడా ఇదే దారిలో నడిచింది. ఆరు భాగాల్లోనూ లెక్కల మాస్టారైన తండ్రి పొదుపు, పిల్లల చదువు, తల్లి సర్దుబాటు తప్ప పెద్ద సంఘటన ఉండదు. పిల్లల మీద ఉన్న ప్రేమను మార్కుల భాషలో తప్ప చెప్పలేని తండ్రిగా శివాజీ నటన చాలాకాలం గుర్తుంటుంది. కొన్ని చోట్ల పాతరోజుల మీద మమకారం పాళ్లు మించిన మాట నిజమే.

యాస సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే భావం మాటలోనే ఉంటుంది. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉంటూనే. అటువంటి నేల మీద తెర నుంచి ఉత్తరాంధ్ర మాట వినబడితే ఒడియా మాధ్యమంలో చదివే పిల్లలు కూడా చెవులు రిక్కిస్తారు. ‘తండేల్’లో ఆ యాస కొన్నిచోట్ల పట్టుబట్టి పలికినట్టున్నా, ప్రయత్నం చిన్నది కాదు.

సూరత్ మరమగ్గాల మీద పన్నెండేసి గంటలు నిలబడే గంజాం యువకుల ఇళ్లలోనూ ఇదే ఎదురుచూపు ఉంది. ఆరు భాగాల సిరీస్‌కు ఒక్క ఇల్లు, మగదిక్కు లేని తొమ్మిది నెలలు చాలు. ఆ రాత్రి సినిమా అయిపోయాక పెద్దావిడ తన కథ చెప్పింది. పెనిమిటి పారాదీప్ బోట్లకు వెళ్లి పదకొండు రోజులు కబురు లేనప్పుడు కూడా, రోజూ రాత్రి అతడి వంతు కలిపే ఎసట్లో పోసేదట. మిగిలినదాంట్లో నీళ్లు పోసి, పొద్దున్న చద్దన్నంగా తానే తినేదట. చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు. అతడి వంతు బియ్యం ఎంతో దోసిలి పట్టి చూపించింది.