ఇంటూ 72

ముక్కలు అతికించి బొమ్మ విమానం చేసుకునే ప్లాస్టిక్ మోడల్ కిట్లు కొనేవాళ్లకి జాతకాల మీద నమ్మకం దానంతటదే వస్తుంది. అదే కంపెనీ, అదే విమానం, అదే అట్టపెట్టె. జయపురంలో ఉన్న మా స్నేహితుడికి వచ్చిన కిట్ గమ్ కూడా అడక్కుండా అతుక్కుపోయింది. నాకొచ్చిన దాంట్లో కుడి రెక్క తిన్నగా ఉంది, ఎడమ రెక్క నూనెలో వేసిన అప్పడంలా లేచింది.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఎయిర్‌ఫోర్స్ మిగ్-21 యుద్ధవిమానాలకి వీడ్కోలు అని తెలిసినప్పుడు, మావయ్యకి ఒకటి తయారుచేసి ఇద్దామనుకున్నాను. ఆయన ఒడిశాలోని సునాబేడా విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ చూసి రిటైరయ్యారు. 1964లో ఆ ఫ్యాక్టరీ పెట్టిందే మిగ్-21 ఇంజిన్ల కోసం. విజయనగరం వైపు నుంచి ఘాట్ రోడ్డెక్కి వెళ్లిన చాలామందిలాగే ఆయన కూడా తిరిగి దిగలేదు, సెమిలిగుడలో ఇల్లు కట్టుకున్నారు. బేరం ఒడియాలో ఆడతారు, తిట్లు తెలుగులో తిడతారు, కొలతలు మాత్రం ఇంగ్లీషే.

పెట్టె విప్పిన రోజే ఆయన కంట పడింది. సర్‌ప్రైజ్ అక్కడితో సరి.

"1:72 అంటే ఏంట్రా?"

"అసలు విమానంలో డెబ్బై రెండో వంతు మావయ్యా. దాని ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి 7.15 మీటర్లు. ఇది పది సెంటీమీటర్లకి పిసరు తక్కువ."

ఆ లెక్క ఆయనకి తెగ నచ్చింది. లోపలికెళ్లి వెర్నియర్ కాలిపర్, సందులు కొలిచే ఫీలర్ గేజ్ పట్టుకొచ్చారు. బాడీ రెండు సగాలూ కలిపి పట్టుకోమని, మధ్యలో సందు కొలిచారు.

"ఒక మిల్లీమీటరు. ఇంటూ 72. ఏడు సెంటీమీటర్ల పైమాటే. ఇందులోంచి పిల్లిపిల్ల దూరుతుంది. అది కాక్‌పిట్‌లోకి పోతే ఎవడిది బాధ్యత? బాడీ నాసిక్‌లో చేసేవారు, మాది ఇంజినే. అయినా అడుగుతున్నాను."

నేను కంపెనీ తరఫు వకీల్లా చెప్పుకొచ్చాను. కరిగించిన పాలిస్టైరీన్‌ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తారు. వాడగా వాడగా అచ్చు అరిగితే, రెండు సగాల మధ్య నుంచి ప్లాస్టిక్ బయటికొచ్చి అంచుల వెంట పలచటి రేకులా మిగులుతుంది. మందంగా ఉన్న చోట చల్లారేటప్పుడు కుంచించుకుని గుంట పడుతుంది. బాగా చల్లారకముందే బయటికి తోస్తే వంకర తిరుగుతుంది. తోసిన పిన్నుల గుండ్రటి ముద్రలు సరిగ్గా అందరికీ కనబడే చోటే పడతాయి (ఇది మాత్రం కక్షే అని నా అభిప్రాయం). ఏళ్లనాటి అచ్చునే కొత్త పెట్టెలో పెట్టి మళ్లీ అమ్మడమూ ఉంది. అట్ట మీద మబ్బులు వేసిన ఆర్టిస్టు మీద పెట్టిన శ్రద్ధలో సగం అచ్చు మీద పెడితే మనకీ గొడవ ఉండదు.

ప్లాస్టిక్ ఒక్కోసారి అచ్చు చివరిదాకా చేరదు. మా పైలట్‌కి అలాగే ముక్కు రాలేదు.

"వీణ్ణి మెడికల్‌లో ఎవడ్రా పాస్ చేసింది?"

"ఆక్సిజన్ మాస్కు రంగు వేసేస్తే తెలీదు మావయ్యా."

రిపేర్లు మొదలయ్యాయి. వంకర రెక్కని వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక సరిచెయ్యాలి. అత్తయ్య ఉప్మాకని పెట్టిన ఎసట్లో ముంచాను. ఆవిడ రవ్వ గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి, "అది తీస్తావా, దాంతో సహా పొయ్యనా?" అన్నారు. తొందర్లో రెక్క ఈసారి కిందికి వంగింది. బాడీ సందులో ఫెవిక్విక్, పిల్లల పౌడరు కలిపి కూరాను. గట్టిపడ్డాక శాండ్‌పేపర్‌తో రుద్దితే సందు కనబడదు కానీ, యుద్ధవిమానం దగ్గర స్నానం చేయించిన పసిపిల్ల వాసన.

ఎయిర్‌ఫోర్స్ గుర్తుల డెకాల్ షీటు, అంటే స్టిక్కర్ల లాంటిది, పసుపెక్కి ఉంది. దాన్ని కిటికీ అద్దానికి టేపుతో అంటించి ఎండ తగలనిస్తే తెల్లబడుతుంది. మంచి చిట్కానే, ఎండ ఉన్న ఊళ్లో. కోరాపుట్ కొండల్లో ఆగస్టులో బట్టలే ఆరవు. షీటు అక్కడే ఉండిపోయింది. పక్కింటి ఒడియా మాస్టారు రోజూ చూసి చూసి, చివరికి "ఎయిటా కొణొ?" (ఇదేంటి?) అని అడిగారు. మావయ్య గంభీరంగా "ఎయిర్‌ఫోర్స్" అన్నారు. మాస్టారి భార్య మర్నాడు అత్తయ్యని పక్కకి పిలిచి, దిష్టికి బాగా పనిచేస్తోందా అని ఆరా తీశారు.

లాభం లేదని అదే కంపెనీది రెండో పెట్టె తెప్పించాను. ఇందులో డెకాల్స్ మల్లెపూవులా ఉన్నాయి. రెక్కల ఫ్రేములు (ముక్కలు అంటుకుని వచ్చే చట్రాలు) ఒకటికి రెండు, రెండూ తిన్నగా ఉన్నాయి. బాడీ ఫ్రేము అసలు లేదు. దాని బదులే రెండో రెక్కల ఫ్రేము వేసినట్టున్నారు. నాకు కోపం వచ్చింది. మావయ్య మాత్రం స్పేర్లు వచ్చాయని సంబరపడ్డారు.

సెప్టెంబర్ 26న టీవీలో వీడ్కోలు కార్యక్రమం చూస్తుండగా మా మిగ్‌ని ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని, అంచులన్నీ వేలితో తడిమి, "కన్సెషన్ మీద, అంటే లోపాలున్నా సరేనని, పాస్ చేస్తున్నాను. ఎగరడానికి కాదు, షోకేసుకి" అన్నారు. తర్వాత తోకవైపు తిప్పి టార్చి వేశారు. చాలాసేపు చూశారు.

"ఇంజిన్ ఏదిరా?"

లోపల చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ బిళ్ల ఒకటే ఉంది.

"బయటికి కనబడని భాగాలు ఈ కిట్‌లో ఇవ్వరు మావయ్యా."

"నా సర్వీసంతా కనబడని భాగమా?"

టీవీ కట్టేశారు. అత్తయ్యని కాగితం అడిగి, కంపెనీకి కంప్లైంటు రాయడం మొదలుపెట్టారు. ముక్కు లేని పైలట్ గురించి గానీ, వంకర రెక్క గురించి గానీ ఒక్క ముక్క లేదు. షార్ట్ సప్లై అని హెడ్డింగు పెట్టి, గీత కొట్టి, కింద రాశారు: ఇంజిన్, ఆఫ్టర్‌బర్నర్‌తో సహా, ఒకటి.