గోతి తవ్వడానికి ఒక సెక్షన్, పూడ్చడానికి?

పూడ్చిన మృతదేహాన్ని తహసీల్దారు సమక్షంలో వెలికితీసి పోస్టుమార్టం చేశారన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. అక్కడ తహసీల్దారు ఎందుకు నిలబడ్డారో మాత్రం ఎవరూ రాయరు. ఎంత అనుమానం ఉన్నా పోలీసులు తమంతట తాము సమాధి మీద గడ్డపార వేయకూడదు. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో ఇది 176వ సెక్షన్. దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 196.

పని తెల్లవారగానే మొదలవుతుంది, పగటి వెలుతురు చాలాలి గనుక. ఇదే సమాధి అని కాటికాపరో బంధువులో చూపించాలి. రాయీ పేరూ లేని పేదల శ్మశానంలో అదే పెద్ద పని. శవానికి పైన, కింద, పక్కల ఉన్న మట్టిని విడివిడిగా సీసాల్లోకి తీస్తారు. ఆర్సెనిక్ లాంటి విషం మట్టిలోనూ ఉండవచ్చు మరి. శరీరంలో దొరికిన విషం నేలలోంచి వచ్చిందేనని రేపు ముద్దాయి తరఫు లాయరు వాదిస్తే జవాబు ఆ సీసాలే చెప్పాలి. వాసన ఎంత భరించలేనిదైనా శవం మీద క్రిమిసంహారక మందు చల్లకూడదు.

మన దేశంలో దీనికి కాలపరిమితి లేదు. 2007లో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో హత్యకు గురైన విద్యార్థిని అవశేషాలను సీబీఐ 2019 డిసెంబరులో తెనాలిలో వెలికితీయించింది. అప్పటికి పన్నెండేళ్లు. శిక్ష పడిన యువకుణ్ని హైకోర్టు 2017లోనే నిర్దోషిగా వదిలేసింది. దహనం జరిగి ఉంటే ఈ రెండో ప్రయత్నానికి తావే లేదు. అంటే ఈ సెక్షన్ వల్ల మేలైనా, మనస్తాపమైనా ఖననం చేసే కుటుంబాలకే: ముస్లింలు, క్రైస్తవులు, దళితుల్లో ఎందరో.

నా అభ్యంతరం ఇక్కడే. ఎప్పుడు తవ్వవచ్చో చెప్పిన చట్టం, అవశేషాలను ఎన్నాళ్లలో తిరిగి అప్పగించాలో, మళ్లీ పూడ్చే ఖర్చు ఎవరిదో చెప్పదు. వేరేచోట పూడ్చిన కొడుకు మృతదేహాన్ని వెలికితీసి సొంత ఊళ్లో ఖననం చేసుకుంటానన్న తండ్రి మాటేమిటి? శ్రీనగర్‌లోని హైదర్‌పొరా ఎన్‌కౌంటర్ కేసులో అలాంటి తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఒకసారి పూడ్చిన దేహాన్ని తేలిగ్గా కదిలించకూడదంటూ 2022 సెప్టెంబరులో కోర్టు ఆయన విన్నపాన్ని తోసిపుచ్చింది. సమాధి దగ్గర ప్రార్థన చేసుకోవచ్చంది. ఇలాంటి సందర్భాలకు తగిన చట్టం చేసే విషయం ఆలోచించమని అదే తీర్పులో కేంద్రానికి సూచించింది. ఏడాది దాటాక పార్లమెంటు కొత్త సంహితను ఆమోదించింది. అందులో దాదాపు పాత వాక్యమే ఉంది, సెక్షన్ నంబరు మారింది.