రిఫరీ దయ, కోచమ్మ ప్రాప్తం

మగవాళ్ళ జట్టుకి ఆడమనిషి కోచ్‌గా ఎందుకు పనికిరాదో చాలాకాలంగా శ్రద్ధగా విచారిస్తున్నాను. విజ్ఞులందరూ చెప్పే కారణం ఒకటే: ఆడవాళ్ళకి ఆవేశం ఎక్కువ. మ్యాచ్ అంటేనే టెన్షన్. అక్కడ తల చల్లగా ఉండాలి. ఆ చల్లదనం మగవాళ్ళకి పుట్టుకతోనే వస్తుందట.

వాదన నాకు బాగా నచ్చింది. రుజువులు కూడా పోగేద్దామని కూర్చున్నాను.

2020 డిసెంబర్ 30. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో స్పర్స్‌కీ లేకర్స్‌కీ మ్యాచ్. రెండో క్వార్టర్ ఇంకా ముగియలేదు. స్పర్స్ హెడ్ కోచ్ గ్రెగ్ పోపోవిచ్ తల ఎంత చల్లగా ఉంచుకున్నాడంటే, రిఫరీలు భరించలేక బయటికి పంపేశారు. వెళ్తూ వెళ్తూ ఆయన అసిస్టెంట్ కోచ్ బెకీ హామన్‌కి జట్టు అప్పగించాడు. ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్‌లో హెడ్ కోచ్ బాధ్యత చూసిన మొదటి మహిళ అలా తయారైంది. అప్పటికి ఆవిడ ఆ బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టి ఆరేళ్ళు. (పోపోవిచ్‌ని తప్పు పట్టను. 2014లో ఆమెని తెచ్చుకున్నదీ ఆయనే.)

2022 ఏప్రిల్. అమెరికా బేస్‌బాల్‌లో పైమెట్టయిన మేజర్ లీగ్‌లో, ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ కోచ్‌ని అంపైర్ సాగనంపాడు. ఆ ఖాళీలోకి అసిస్టెంట్ కోచ్ అలిస్సా నాకెన్ వచ్చింది. మేజర్ లీగ్ మ్యాచ్ జరుగుతుండగా మైదానంలో కోచ్‌గా నిలబడ్డ మొదటి మహిళ ఆవిడే.

2024 జనవరి. జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లీగాలో యూనియన్ బెర్లిన్ హెడ్ కోచ్ అవతలి జట్టు ఆటగాడి మొహం మీద చెయ్యి చేసుకున్నాడు. రెడ్ కార్డు, ఆపైన సస్పెన్షన్. తర్వాతి మ్యాచ్‌కి అసిస్టెంట్ కోచ్ మరీ-లూయీజ్ ఎటా టచ్‌లైన్ దగ్గర నిలబడింది. జట్టు 1-0తో గెలిచింది. ఆవిడ ఎవరి మొహం మీదా చెయ్యి వెయ్యలేదు. అనుభవం చాలక కాబోలు.

రుజువులు ఇలా ఎదురు తిరగడం నాకు కొంచెం ఇబ్బందిగా ఉన్నా, ఔత్సాహిక కోచమ్మలకి మాత్రం దారి స్పష్టంగా కనిపిస్తోంది. లైసెన్సులూ వీడియో విశ్లేషణలూ అని రాత్రింబవళ్ళు కష్టపడి లాభం లేదు. ముందు పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి బీపీ కనిపెట్టాలి. నుదుటి మీద నరం తేలే స్వభావమా? ప్రతి త్రోకీ ఒంటికాలి మీద లేస్తాడా? అయితే ఆ జట్టులోనే చేరాలి. శాంతమూర్తి దగ్గర చేరితే రిటైరయ్యేదాకా నోట్‌బుక్కే గతి.

కార్డు పడకుండానే పైకొచ్చిన వాళ్ళు లేకపోలేదు. హాంకాంగ్‌లో చాన్ యూయెన్-టింగ్ 2016లో ఈస్టర్న్ క్లబ్ మగవాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకి లీగ్ టైటిలే సాధించిపెట్టింది. ఇలాంటివి వాదనకి అడ్డొస్తాయి కాబట్టి వదిలేద్దాం.

మరో గట్టి అభ్యంతరం ఉంది: మగవాళ్ళ ఆట ఆడనిదానికి ఆ ఆట ఏం తెలుస్తుంది? నిజమే. ఇటలీ కోచ్ అరిగో సాక్కీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడనే లేదు, బూట్లమ్మేవాడు. అయినా ఏసీ మిలాన్‌ని 1989లో, 1990లో యూరప్ చాంపియన్‌ని చేశాడు. కానీ అమ్మినవి మగవాళ్ళ బూట్లు కూడా అయ్యుంటాయి కదా, ఆ అనుభవం ఎక్కడికి పోతుంది! ఇక ఆడవాళ్ళ జట్లకి కోచ్‌లుగా ఉన్న మగవాళ్ళని మాత్రం 'మీరు ఆడవాళ్ళ ఆట ఎప్పుడు ఆడారు సార్?' అని అడగడం మర్యాద కాదు.

గెలుపోటముల పద్దు కూడా శాస్త్రీయంగానే రాస్తారు. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే 2014లో మాజీ క్రీడాకారిణి అమెలీ మోరెస్మోని కోచ్‌గా పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఓడినప్పుడల్లా వేళ్ళు ఆవిడ వైపే లేచాయి. 2015లో అతను జీవితంలో మొదటిసారి మట్టి కోర్టు మీద టైటిళ్ళు గెలిచాడు. ఒకటి కాదు, మ్యూనిక్‌లోనూ మాడ్రిడ్‌లోనూ. ఆ ఖ్యాతి మట్టిదే అయ్యుండాలి.

మొన్న ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాను. ఒక జట్టు అసిస్టెంట్ కోచ్ ఒకావిడ. మొదలయ్యే ముందు అవతలి జట్టు కోచ్ వచ్చి, నీళ్ళ సీసాలు సర్దుతున్న కుర్రాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చి 'ఆల్ ద బెస్ట్ కోచ్' అన్నాడు. కుర్రాడు కంగారుపడి, కోచ్ ఆవిడ అని చెప్పాడు. పెద్దమనిషి చాలా నొచ్చుకున్నాడు. 'సారీ బాబూ' అని కుర్రాడికే క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు.

రెండో సగంలో పెనాల్టీ ఇవ్వలేదని వీళ్ళ హెడ్ కోచ్ రిఫరీ మీదికి వెళ్ళాడు. చేతులు తిప్పుతున్నాడు, సీసా ఒకటి తన్నాడు. నుదుటి మీద నరం నా సీట్లోంచే కనిపిస్తోంది. రిఫరీ చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది. ఆవిడ నోట్‌బుక్ మూసింది. పెన్ను చెవి వెనక పెట్టుకుని, ట్రాక్‌సూట్ జిప్ మెడ దాకా లాక్కుని లేచి నిలబడింది.

రిఫరీ జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆవిడ కూర్చుని మళ్ళీ నోట్‌బుక్ తెరిచింది.