వెయింగ్ మిషన్ గారికి, పాదాలు మోపి విన్నవించునది

మహారాజశ్రీ వెయింగ్ మిషన్ గారికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమమో కాదో తమరే సెలవివ్వాలి. ఈ ఇంట్లో ఆ సంగతి తేల్చేది తమరొక్కరే కదా.

ఈ మంగళవారం పొద్దున ఆరున్నరకు తమ దర్శనం చేసుకున్నాను. శాస్త్రోక్తంగానే వచ్చాను. బాత్రూమ్ పని ముగించుకుని, గుక్కెడు నీళ్లైనా తాగకుండా, వాచీ తీసి, జుట్టు క్లిప్పు తీసి. కళ్లద్దాల దగ్గరే చిక్కొచ్చింది. తీస్తే తమరు చూపించే అంకె కనపడదు, పెట్టుకుంటే వాటి బరువూ నా ఖాతాలోనే పడుతుంది. అవి చేత్తో పట్టుకుని ఎక్కి, ఎక్కాక పెట్టుకుంటే తమరికి తెలియదేమో అనుకున్నాను. నాకు డిగ్రీ ఉందని ఈ సందర్భంగా మనవి.

ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అంకెలు గంతులేశాయి. 69.4. 70.1. 69.6. చివరికి 69.8 దగ్గర మూడుసార్లు మిణుకుమని స్థిరపడ్డారు. మొన్న ఆదివారం ఇదే వేళకు 68.0.

నమ్మబుద్ధి కాక తమర్ని ఎత్తి తలుపు దగ్గరి టైల్ మీద పెట్టాను. 69.3. వాష్‌బేసిన్ కింద పెట్టాను. 70.0. తమ కింద నాలుగు మూలలా ఉండే సెన్సర్లకు నేల సమంగా లేకపోతే లెక్క తేడా వస్తుందని తెలుసు. నా రోజు ఎలా గడవాలో తీర్పు చెప్పేవారు టైల్ వంకరను బట్టి అర కిలో అటూ ఇటూ అవుతారన్నమాట. అయినా మొదటి అంకెనే నేరంగా ఒప్పేసుకున్నాను. అలవాటైన ముద్దాయిని.

కాస్త లెక్క వేద్దాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికి మించి సుమారు 7,700 క్యాలరీలు తినాలంటారు. కిలో ఎనిమిది వందల గ్రాములకు దాదాపు 13,900. నాలాంటి మనిషికి రోజుకు కావలసింది 2,000 అటూ ఇటూ. అంటే ఆదివారం నుంచి మంగళవారం లోపు, మామూలు తిండి కాక, ఇంకో ఏడు రోజుల తిండి నేను ఎవరికీ తెలియకుండా తినేసి ఉండాలి. ఎప్పుడు తిన్నానో తమరే చెప్పండి. నిద్రలో తిన్నాననుకుందామంటే నిద్రే లేదు. ఆ సంగతికి వస్తాను.

తమకు తెలియని విషయం ఒకటి చెప్తాను. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాంతో ఒంటి వేడి అర డిగ్రీ దాకా పెరుగుతుంది. పేగు నెమ్మదిస్తుంది, నిన్నటి తిండి ఇవాళ కూడా లోపలే తిష్ట వేస్తుంది. నెలసరి దగ్గరపడేకొద్దీ ఒళ్లు ఉప్పునూ నీటినీ పట్టుకుని వదలదు. ఉంగరం బిగుస్తుంది, సాక్స్ తీస్తే చీలమండ చుట్టూ అచ్చు పడి ఉంటుంది. ఇలా ఒకటి రెండు కిలోలు వచ్చి పోవడం మామూలే. ఆ రోజుల్లో ఒళ్లు ఊరికే కూర్చున్నా కాస్త ఎక్కువే ఖర్చు పెడుతుంది, అందుకే ఆకలి కూడా ఎక్కువే. రాత్రి పదింటికి చాక్లెట్ కోసం అల్మారా తెరిచినప్పుడు నేను క్రమశిక్షణ తప్పానని ఇన్నేళ్లూ అనుకున్నాను. లోపలి నుంచి ఇండెంట్ వచ్చిందని ఎవరూ చెప్పలేదు.

ఎంతైనా పరీక్షిద్దామని అర లీటరు నీళ్లు తాగి మళ్లీ ఎక్కాను. 70.3. ఒక సీసా మంచినీళ్లకు అర కిలో లావయ్యాను.

అసలు నిన్న మధ్యాహ్నం జరిగింది చెప్పకపోతే ఈ ఉత్తరం ఎందుకొచ్చిందో తమకు అర్థం కాదు. డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. రెండింటికి రమ్మని, పావు తక్కువ ఐదుకు పిలిచారు. నాకు 46 ఏళ్లు. మూడు నెలలుగా రాత్రి మూడింటికి ఒళ్లంతా సెగలు పుట్టి మెలకువ వస్తోంది. దిండు తడి, మెడ తడి, దుప్పటి తన్నేస్తే ఐదు నిమిషాల్లో చలి. నెలసరి ఒకసారి 24 రోజులకు వచ్చింది, ఆ తర్వాత 47 రోజులకు. ఇవన్నీ తేదీలతో సహా ఫోన్‌లో రాసుకుని వెళ్లాను. బడిలో కూడా అంత శ్రద్ధగా నోట్సు రాయలేదు.

గుమ్మంలోనే తమ పెద్దన్నగారు కొలువై ఉన్నారు. "చెప్పులతో పర్లేదమ్మా, ఎక్కండి" అంది నర్సు. ఎక్కాను. అంకెను కాగితం మీద రాస్తే సరిపోయేది. హాల్లో చివరి కుర్చీ దాకా వినపడేలా చదివింది. చివరి కుర్చీ ఆయన తలెత్తి చూశాడు. లోపల డాక్టరు గారు మాత్రం తలెత్తలేదు. కాగితం చూసి, "ఒక ఐదు కిలోలు తగ్గండి మేడమ్, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. నా చేతిలో ఫోన్ స్క్రీన్ ఇంకా ఆరిపోలేదు.

నేను అడిగింది నిద్ర గురించి. జవాబు తమ అన్నగారు అప్పటికే చెప్పేశారు.

'ఇది పెరిమెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే ముందు దశ కావచ్చు' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఎందుకైనా మంచిదని థైరాయిడ్ పనితీరు చూసే ఒక టీఎస్‌హెచ్ పరీక్ష రాస్తే ఇంకా బాగుండేది. థైరాయిడ్ మందగించినా నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం, నెలసరి గాడి తప్పడం అన్నీ వస్తాయి. కాస్త బరువూ వస్తుంది, అందులోనూ చాలా భాగం మళ్లీ ఆ ఉప్పూ నీరే. ఇక నిద్ర సంగతి. మనుషులను సరిగ్గా నిద్రపోనివ్వకుండా చేసిన ప్రయోగాల్లో ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరగడం, చాలు అనిపించే లెప్టిన్ తగ్గడం చూశారు. మరి నేను బరువు పెరిగి నిద్ర పోగొట్టుకున్నానా, నిద్ర పోయి బరువు పెరుగుతున్నానా? అడిగితే కదా చెప్పడానికి. మూడు నిమిషాల్లో బయట ఉన్నాను.

మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయిది ఇదే కథ. రెండు మూడు నెలలకోసారి నెలసరి, గడ్డం మీద వెంట్రుకలు, ఏం చేసినా దిగని బరువు. ఆరేళ్లు అందరూ ఆమె పళ్లెం వైపే చూశారు. చివరికి పీసీఓఎస్ అని, అంటే అండాశయాల హార్మోన్లు గాడి తప్పే సమస్య అని తేలింది. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుందనీ, వాళ్లలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగ్గా వినకపోతే ఇన్సులిన్ ఇంకా ఎక్కువ ఊరుతుంది, అది ఎక్కువైతే బరువు తగ్గడం ఇంకా కష్టమవుతుంది. అలాంటి పిల్లకు 'తగ్గు' అని చెప్పి పంపడం గోరుచుట్టు మీద రోకటిపోటు.

డాక్టరు గారి బల్ల అద్దం కింద, ఎత్తును బట్టి బరువు ఎంత ఉండాలో చెప్పే బీఎంఐ పట్టిక కూడా ఉంది. ఆ సూత్రం కనిపెట్టింది బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే, 1832లో. జనాభా సగటు తెలుసుకోవడానికే తప్ప రోగుల కోసం కాదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం దానికి ఇప్పటి పేరు పెట్టి, పనికొస్తుందని తేల్చింది కూడా మగవాళ్ల కొలతలు తీసుకునే. అమెరికాలో అయితే 1977లో, గర్భం దాల్చే వయసు ఆడవాళ్లను మందుల తొలి దశ ప్రయోగాల్లోకి రానివ్వొద్దన్నారు. ప్రభుత్వ సొమ్ముతో జరిగే పరిశోధనల్లో ఆడవాళ్లను చేర్చాల్సిందేనని చట్టం వచ్చేసరికి 1993. ఆడవాళ్ల హార్మోన్లు లెక్కలు పాడుచేస్తాయని అప్పట్లో ఒక సాకు ఉండేది. మా లెక్కలూ అవే పాడుచేస్తున్నాయండీ, మేం ఎవరికి చెప్పుకోవాలి?

"కాస్త ఒళ్లు చేశావే" అని పలకరించే స్నేహితురాలికి వేరే ఉత్తరం రాస్తాను. 'స్త్రీ' అని టిక్ పెట్టించుకుని నెలలో 30 రోజులూ ఒకే డైట్ ఇచ్చే యాప్‌కు ఇంకోటి. సెల్ఫ్ కేర్ అంటూ సువాసన కొవ్వొత్తులు అమ్మేవాళ్లను మాత్రం ఇప్పుడే అడుగుతాను. మూడింటికి చెమటలో తడిసి లేచిన మనిషి గదిలో ఇంకో మంట ఎందుకు?

ఇవన్నీ మన్నించేదాన్నే. ఒకటి మాత్రం 22 ఏళ్లుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. నిజంగా ముల్లే. తమ వంశంలో పాతకాలపువాడు ఒకడుండేవాడు, గుండ్రటి ముఖం, ఎర్ర ముల్లు. అప్పుడు నాకు 24. నోరు కట్టుకుని ఆరు నెలల్లో 46.5కు వచ్చాను. ముల్లు ఎడమకు జరిగినకొద్దీ చుట్టూ పొగడ్తలు. "ఏం చేస్తున్నావో మాకూ చెప్పు" అని అడిగి మరీ రాసుకున్నారు. ఆ ఏడాది నాలుగు నెలలు నాకు నెలసరి రాలేదు. దువ్వెన నిండా జుట్టు. ఎండలో కూడా వేళ్ల కొసలు చల్లగా ఉండేవి. తిండి చాలనప్పుడు మెదడులోని హైపోథాలమస్, ముందు ప్రాణం నిలవనీ, బిడ్డల మాట తర్వాత అనుకుని అండాశయాలకు కబురు ఆపేస్తుందట. ఈస్ట్రోజెన్ పడిపోతుంది. గట్టిపడాల్సిన వయసులో ఎముక గుల్లబారుతుంది. నెలసరి రాకపోవడం హాయిగా ఉందనుకున్నాను, నిజం చెప్తున్నాను. రోజూ పొద్దున ముల్లు శభాష్ అనేది.

శభాష్ దేనికి? ఆ కిలోల్లో పోయిందేమిటి? కొవ్వా, కండా, ఎముకా? చెప్పవు. నీకు తెలియదు. ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. ఒక అద్దం పలక, నాలుగు సెన్సర్లు, రెండు బ్యాటరీలు, అంతే కదా నువ్వు! నాలుగు రోజులు విరేచనాలతో పడుకుని లేచినప్పుడు మూడు కిలోలు తగ్గావని చూపించావు, నేను సంతోషించాను కూడా. సిగ్గులేకుండా. మెనోపాజ్ చుట్టుపక్కల ఏళ్లలో ఎముక వేగంగా అరుగుతుంది. అది అరిగినా నీ భాషలో 'తగ్గింది' అనే. వారానికి రెండుసార్లు డంబెల్స్ ఎత్తి నాలుగు వందల గ్రాముల కండ సంపాదిస్తే మాత్రం 'పెరిగింది' అంటావు.

పోయినేడాది నుంచి నా జీన్స్ గుండీ పట్టడం లేదు. రెండు వేళ్ల ఎడం. ఈస్ట్రోజెన్ తగ్గేకొద్దీ తొడల మీద చేరే కొవ్వు పొట్టలోకి మారుతుంది, గుండె విషయంలో భయపడాల్సింది ఆ కొవ్వుకే. నాకు తెలియాల్సిన కబురు అదీ. ఆ ఏడాదంతా నువ్వు 68 దగ్గర కదలకుండా కూర్చున్నావు. కుట్టుపెట్టెలో చుట్ట చుట్టుకుని పడున్న టేపు చెప్పింది ఆ సంగతి. దానికి బ్యాటరీలు కూడా లేవు. కొవ్వు చోటు మారినప్పుడు నిద్రపోయావు, నీళ్లు వచ్చినప్పుడు గంట కొట్టావు.

అయినా పాపం, నువ్వు అబద్ధమైతే ఆడలేదు. భూమి నన్ను ఎంత గట్టిగా లాగుతోందని అడిగితే సరిగ్గానే చెబుతావు, టైల్ సమంగా ఉంటే. మంచం కింద నుంచి రోజూ నిన్ను లాగేది నేనే. మడమతో తోసి లోపలికి పంపేదీ నేనే, అంకె నచ్చని రోజు కాస్త గట్టిగా. నీ మీద ఆ మూల గీత అలా పడిందే.

ఇట్లు,
69.8 (వాష్‌బేసిన్ కింద 70.0)

తా.క. ఆదివారం పొద్దున. బుధవారం రాత్రి నెలసరి వచ్చింది. ఈ ఐదు రోజుల్లో నేను ఏ డైటూ చేయలేదు, గురువారం ఒక చాక్లెట్ బార్ మొత్తం ఒక్కదాన్నే తిన్నాను, ఇండెంట్ ప్రకారం. ఇవాళ 68.1. నీ నుంచి సంజాయిషీ ఏమీ రాలేదు. మూడుసార్లు మిణుకుమన్నావంతే.

రేపు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. అక్కడా గుమ్మంలో మీవాడు ఒకడు ఉంటాడు. "ముందు నేను చెప్పేది వినండి, తర్వాత ఎక్కుతాను" అనాలి. బాత్రూమ్ అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాను. మొదటిసారి ఎక్కడి నుంచో 'దయచేసి' వచ్చి అడ్డం పడింది. రెండోసారి పడలేదు.