సవరణ: టీకా రోజున నీళ్లలో బ్లీచింగ్ కలపకండి

కోళ్ల పెంపకం మీద వచ్చే ఒక మాసపత్రిక చదివి, అందులోని సలహాలను మొన్న ఇక్కడ క్లుప్తంగా రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి. పత్రికవి కావు, నావే.

మొదటిది పెద్దది. కొక్కెర తెగులుకు లాసోటా టీకాను తాగే నీళ్లలో ఇచ్చే రోజున కూడా బ్లీచింగ్ కలపమన్నట్టు రాశాను. అనపర్తి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఏమండీ, బ్లీచింగ్ నీళ్లలో ఆ మందు బతుకుతుందా?" అని అడిగేదాకా నాకు తట్టలేదు. బతకదు. అది ప్రాణమున్న వైరస్, బ్లీచింగ్‌లోని క్లోరిన్ తగిలితే చచ్చిపోతుంది. టీకా వేశామని మనం ధీమాగా ఉంటాం, కోళ్లకు మాత్రం రక్షణ ఉండదు. మన డెల్టాలో వేసవికి కాలువలు కట్టేశాక ట్యాంకు నీళ్లకు బ్లీచింగ్ పట్టించడం అలవాటే కదా, అందుకే ఈ తప్పు మరీ ప్రమాదం. కనీసం ఒక రోజు ముందే బ్లీచింగ్ ఆపాలి. డ్రింకర్లను, అంటే కోళ్లు నీళ్లు తాగే పాత్రలను, మామూలు నీళ్లతోనే కడగాలి. టీకా కలిపే ముందు నీళ్లలో కాస్త వెన్న తీసిన పాలపొడి వేస్తే, మిగిలిన క్లోరిన్ విరుగుతుంది. కోడిపిల్లలను గంటో రెండు గంటలో దాహంతో ఉంచి, చల్లటి పూట ఇస్తే రెండు గంటల్లోపే తాగేస్తాయి.

రెండోది: మేతలో 3.5 శాతం కాల్షియం గుడ్లు పెట్టే కోళ్లకు మాత్రమే. కోడిపిల్లలకు 1 శాతం చాలు, ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పాత పోస్టులో ఈ రెండూ దిద్దాను.