బొగ్గు ఇంజిన్‌ను కాటా వేసి అమ్మితే పోయేదేమిటి?

పాత బొగ్గు ఇంజిన్ అనగానే మన రైల్వేకు రెండే దారులు కనిపిస్తాయి. అయితే ఆఫీసు ముందు దిమ్మె కట్టి, నిగనిగలాడే నల్ల రంగేసి నిలబెట్టడం. లేదంటే తుక్కు కింద వేలం వేయడం. మూడో దారి ఒకటుంది. దాన్ని విప్పి, పనికొచ్చే ప్రతి భాగానికీ నంబరు రాసి, గ్రీజు పూసి, అరలో దాచడం. ఫొటోలకు పనికిరాని పని కాబట్టి దీనికి రిబ్బన్ కటింగులు ఉండవు. కానీ ప్రపంచంలో ఇవాళ ఆవిరి ఇంజిన్లు ఎక్కడ నడుస్తున్నా, వాటి వెనక ఇలాంటి సామాన్ల గది ఒకటి ఉండే ఉంటుంది.

ఈ విషయంలో అందరూ చెప్పే ఉదాహరణ బ్రిటన్‌లోని బ్యారీ. వేల్స్ దక్షిణ తీరంలో ఉన్న రేవు పట్టణం అది. డాయ్ వుడమ్ అనే పాత ఇనుము వ్యాపారి 1959 నుంచి అక్కడికి రైల్వే ఇంజిన్లను కొని తెప్పించడం మొదలుపెట్టాడు. దాచుదామని కాదు, కోసి అమ్ముకుందామనే. అయితే అప్పట్లోనే రైల్వే పాత వ్యాగన్లను కూడా భారీగా వదిలించుకుంటోంది. వ్యాగన్ కోయడం సులువు, డబ్బు త్వరగా చేతికొస్తుంది. దాంతో ఇంజిన్లను పక్కకు నెట్టి వ్యాగన్ల మీద పడ్డారు. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వే ప్రధాన లైన్ల మీద ఆవిరి శకం ముగిసింది. వుడమ్ యార్డులో మాత్రం 200కు పైగా ఇంజిన్లు సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పడుతూ వరసగా నిలబడే ఉన్నాయి. ఆ సెప్టెంబరులోనే అభిమానులు మొదటి ఇంజిన్‌ను కొని తీసుకెళ్లారు. 1990 నాటికి, యార్డుకు వచ్చిన 297 ఇంజిన్లలో 213 ప్రాణాలతో బయటపడ్డాయి.

ఇదంతా అదృష్టం అంటారు. సగం వరకు ఒప్పుకోవచ్చు. మిగతా సగం కథ విడిభాగాలది. యార్డులో ఉన్నవి నిండు ఇంజిన్లు కావు. ఇత్తడి, రాగి సామాను ఎప్పుడో పోయింది. ముందొచ్చిన బృందాలు తమ ఇంజిన్‌కు లేనిదాన్ని పక్క ఇంజిన్ నుంచి ఊడదీసుకున్నాయి. ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండ్లు, అంటే టెండర్లు, చాలావరకు ఉక్కు ఫ్యాక్టరీలకు వెళ్లిపోయాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు దక్కింది అడుగు చట్రం, చక్రాలు, తుప్పు పట్టిన బాయిలర్. అక్కడినుంచి ఒక్కో బృందం ఏళ్ల తరబడి చేసింది ఒకటే పని: లేని ముక్క ఎవరి దగ్గరుందో కనుక్కోవడం, బదులుకు ఏదో ఒకటి ఇచ్చి తెచ్చుకోవడం, ఎక్కడా దొరక్కపోతే పోత పోయించుకోవడం.

'డ్యూక్ ఆఫ్ గ్లోస్టర్' అనే ఇంజిన్ సంగతి వింటే ఈ పని ఎంత దూరం వెళ్తుందో తెలుస్తుంది. 1954లో క్రూ వర్క్‌షాపులో తయారైన ఈ రకంలో ఇదొక్కటే ఇంజిన్, తోబుట్టువులు లేవు. 1962లో సర్వీసు నుంచి తీసేశాక లండన్ సైన్స్ మ్యూజియం దాని సిలిండర్, అందులోకి ఆవిరిని వదిలే వాల్వ్ గేరు చాలనుకుంది. ఒక పక్క సిలిండర్‌ను కోసి ప్రదర్శనకు పెట్టుకుంది. మిగిలిన మొండెం బ్యారీ చేరింది. 1974లో అభిమానులు దాన్ని కొన్నప్పుడు నవ్వినవాళ్లే ఎక్కువ. సిలిండర్లు కొత్తగా పోత పోయించి, డ్రాయింగులు ముందు పెట్టుకుని ఒక్కో భాగం కొలుచుకుంటూ పోతే ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. 1954లో కట్టినప్పుడే కొన్ని భాగాలు డ్రాయింగు ప్రకారం కట్టలేదు. బతికున్న రోజుల్లో 'ఈ ఇంజిన్‌కు ఆవిరి చాలదు, బొగ్గు తెగ తింటుంది' అని డ్రైవర్లు తిట్టుకున్నదానికి ఆ తప్పులూ కారణమే. వాటిని సరిచేసి 1986లో పట్టాలెక్కిస్తే, మునుపటికంటే బాగా పరుగెత్తింది. విప్పి కొలవకపోతే ఆ ఇంజిన్ మీద పడ్డ చెడ్డపేరు అలాగే ఉండిపోయేది.

విప్పినప్పుడే తెలిసే సంగతి ఇంకొకటి ఉంది. ఆవిరి ఇంజిన్ చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్డు మీద అట్టకట్టిన గ్రీజును గీకి, కిరోసిన్ గుడ్డతో తుడిస్తే ఉక్కులోకి పంచ్‌తో కొట్టిన అంకెలు కనిపిస్తాయి. అది ఆ ఇంజిన్ నంబరే కావాలని లేదు. ఎడమ రాడ్డు మీద ఒక నంబరు, కుడి రాడ్డు మీద ఇంకో నంబరు, వాల్వ్ గేరు మీద మూడోది ఉండొచ్చు. వర్క్‌షాపులో ఓవర్‌హాల్ అంటే అలాగే ఉండేది. బాయిలర్ మరమ్మతుకు ఇంజిన్‌కంటే ఎక్కువ రోజులు పడుతుంది. అది పూర్తయ్యేదాకా ఇంజిన్‌ను ఖాళీగా నిలబెట్టకుండా, సిద్ధంగా ఉన్న మరో బాయిలర్ ఎక్కించి పంపేసేవాళ్లు. 1923లో డాంకాస్టర్‌లో పుట్టిన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' కూడా తన జీవితంలో ఎన్నో బాయిలర్లు మార్చింది. కాబట్టి 'అసలు ఇంజిన్, అసలు భాగాలు' అని పట్టుబట్టేవాళ్లు లేనిదాని కోసం వెతుకుతున్నారని నా అభిప్రాయం.

ఇక్కడే గొడవ మొదలవుతుంది. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 'సెయింట్' తరగతి ఇంజిన్లలో చివరిది 1953లో సర్వీసు నుంచి తప్పుకుంది, ఒక్కటీ మిగల్లేదు. డిడ్‌కాట్‌లోని గ్రేట్ వెస్టర్న్ సొసైటీ వాళ్లు బ్యారీ నుంచి తెచ్చిన 'మైండీ హాల్' అనే ఇంజిన్‌ను విప్పి, దాని చట్రం, బాయిలర్ ఆధారంగా ఒక 'సెయింట్'ను కట్టారు. 'లేడీ ఆఫ్ లెజెండ్' పేరుతో అది 2019లో నడక మొదలుపెట్టింది. అదే సొసైటీ 47 వందల శ్రేణి ఇంజిన్ ఒకటి కట్టడానికి మూడు బ్యారీ ఇంజిన్ల నుంచి భాగాలు తీసుకుంది. ఆ మూడూ వేల్స్‌లో మ్యూజియం పెడతామని పక్కన పెట్టిన పది ఇంజిన్లలోవి. మ్యూజియం రాలేదు, ఇంజిన్లు మాత్రం దశాబ్దాలు అలాగే ఉండిపోయాయి.

బతికిన ఇంజిన్‌ను చంపి చచ్చినదాన్ని బతికించడం ఏం న్యాయం అని అక్కడ చాలామంది అడిగారు. ప్రశ్న తేలికైనది కాదు. అయినా నేను విప్పినవాళ్ల పక్షమే. 'హాల్' తరగతి ఇంజిన్లు పదికి పైగా బయటపడ్డాయి, 'సెయింట్' ఒక్కటీ లేదు. ఎన్ని ఉన్నాయన్నది చూడకుండా ప్రతి ముక్కనూ పవిత్రంగా చూస్తే చివరికి అన్నీ తుప్పే పడతాయి. కాకపోతే ఒక షరతు ఉండాలి. ఏ భాగం ఎక్కడినుంచి వచ్చిందో రాసిపెట్టాలి, కొత్తగా చేసినదాన్ని కొత్తదనే చెప్పాలి. దాన్ని దాచిపెట్టి 'శతాబ్దం నాటి ఇంజిన్' అని టికెట్లు అమ్మితే అది మోసమే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. బ్రాడ్‌గేజ్ మీద మన రోజువారీ ఆవిరి సర్వీసులు 1995 డిసెంబరులో ముగిశాయి. స్వాతంత్ర్యం తర్వాత మన లైన్లను ఏలింది రెండు రకాలు. ప్యాసింజరు బండ్లకు డబ్ల్యూపీ, గూడ్సుకు డబ్ల్యూజీ. ముందువైపు బుల్లెట్ ముక్కు, దాని మీద నక్షత్రంతో కనిపించేది డబ్ల్యూపీ. అవి 755, డబ్ల్యూజీలు 2,450. ఈ రెండు రకాలకూ బాయిలర్ సహా చాలా భాగాలు ఉమ్మడిగా ఉండేలా డిజైన్ చేశారు. అంటే ఒకదాని సామాను ఇంకోదానికి పట్టే ఇంజిన్లు మూడు వేలకు పైగా ఉండేవన్నమాట. విడిభాగాల గది పెట్టుకోవడానికి ఇంతకంటే అనువైన దేశం ఉంటుందా? బ్రిటన్ అభిమానులు ఒక్కో రకానికి ఒక్కో తంటా పడ్డారు. మనకు ఆ ఇబ్బందే లేదు.

మనం చేసిందేమిటి? టన్నుల లెక్కన కాటా వేశాం. రైల్వేకు తుక్కు అంటే చిన్న ఆదాయం కాదు, ఈ మధ్య ఏటా నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా వస్తోంది. ఆ లెక్కల్లో ఒక ఇంజెక్టర్‌కు, ఒక ప్రెషర్ గేజికి విడిగా విలువ ఉండదు. అది ఇత్తడి, అంతే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విప్పేవాడు నవ్వుతాడు దీనికి. అక్కడ గేర్‌బాక్స్‌కు ఒక ధర, యాక్సిల్‌కు ఒక ధర, ఇంకెందుకూ పనికిరానిదే చివర్లో కాటాకు వెళ్తుంది. మన రైల్వే మాత్రం కాటాతోనే మొదలుపెట్టింది.

దిమ్మె మీద ఎక్కించిన ఇంజిన్లు కూడా సురక్షితం అనుకోవద్దు. ఈసారి ఏ స్టేషన్ ముందో అలాంటి ఇంజిన్ కనిపిస్తే క్యాబ్ లోపలికి తొంగి చూడండి. నీటిమట్టం చూపించే గాజు గొట్టం ఉండదు, దాన్ని పట్టుకునే ఇత్తడి బిగింపులూ ఉండవు. గేజిలు ఉండాల్సిన చోట గుండ్రటి కన్నాలు. బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ లేదు, నూనె పంపే లూబ్రికేటర్ లేదు, కూత పెట్టే విజిల్ కూడా లేదు. దొంగకు కావాల్సింది రాగి, ఇత్తడి. ఇంజిన్ నడవడానికి కావాల్సినవీ చాలావరకు అవే. దొంగ తీసుకెళ్లనిది టన్నుల కొద్దీ ఇనుము. దానికి ఆగస్టు పదిహేనుకో, జనరల్ మేనేజర్ ఇన్‌స్పెక్షన్‌కో రంగు పడుతుంది. పైన రంగు మెరుస్తుంటే, బాయిలర్ ముందు పొగ చేరే స్మోక్‌బాక్స్ అడుగున వాన నీరు నిలిచి రేకు తినేస్తూ ఉంటుంది.

నడిచే ఇంజిన్‌కే రక్షణ లేని సందర్భమూ ఉంది. 1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారైన 'ఫెయిరీ క్వీన్' 1997లో మళ్లీ పట్టాలెక్కి, ప్రపంచంలో నడుస్తున్న అతి పాత ఇంజిన్‌గా గిన్నిస్‌కెక్కింది. 2011లో దాని విడిభాగాలు చాలా మాయమయ్యాయని వార్తలొచ్చాయి. చెన్నైలోని పెరంబూరు లోకో వర్క్స్‌లో మరమ్మతు చేయించి మళ్లీ నడపడానికి 2017 దాకా పట్టింది. దేశంలోకెల్లా పేరున్న ఇంజిన్‌కే ఈ గతి పట్టిందంటే, ఏ చిన్న జంక్షన్ దగ్గరో దిమ్మె మీదున్న దాని సంగతి చెప్పాలా?

బిట్రగుంట, డోర్నకల్, గుంతకల్లు లాంటి ఊళ్లు ఒకప్పుడు ఆవిరి మీదే బతికాయి. బిట్రగుంటలోనైతే లోకో షెడ్డు చుట్టూ ఒక ఊరే పెరిగింది, షెడ్డు పోయాక ఆ సందడీ పోయింది. ఇలాంటి చోట్ల ఇంజిన్‌లో బొగ్గు వేసి రిటైరైన ఫైర్‌మన్ల ఇళ్లలో ఒక స్పానరో, చేతి దీపమో, నూనె డబ్బానో ఇంకా దొరికే అవకాశం ఉంది. వాటిని సేకరించే పనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. వెళ్లి అడిగేవాళ్లు ఉంటే చాలు.

తిరిగి వాడుకోవడం మనకు చేతకాదని కాదు. మన పల్లెటూరి బడుల్లో చాలాచోట్ల గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్కే. చిన్న స్టేషన్లలోనూ బండి వస్తోందని చెప్పింది అదే. పట్టా ముక్కకు అంతకంటే మంచి రెండో ఉద్యోగం ఇవ్వలేం. ఇప్పుడొస్తున్న ఫ్యాషన్ వేరు. కాచిగూడలో పాత బోగీని రెస్టారెంటు చేశారు, బాగానే ఉంది. బోగీలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఒకదాంట్లో బిర్యానీ వడ్డిస్తే చరిత్రకు వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఆవిరి ఇంజిన్ ప్రెషర్ గేజిని తెచ్చి, వెనక కన్నం పొడిచి, లోపల ఎల్‌ఈడీ బల్బు పెట్టి టేబుల్ ల్యాంప్ చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఒకసారి లోపలి గొట్టం తీసి పారేస్తే ఆ గేజి ఇక ఏ బాయిలర్‌కూ పనికిరాదు. చూడటానికి ముచ్చటగా ఉంటుందంతే. పగిలిన గేజితో చేసుకోండి, ఎవరూ కాదనరు. పనిచేసేదాన్ని రేవారీకి అమ్మండి. హరియాణాలోని ఆ షెడ్డులో 'అక్బర్' అనే డబ్ల్యూపీ సహా కొన్ని ఇంజిన్లు ఇప్పటికీ ఆవిరి కడతాయి. వాటికి ప్రతి వాల్వూ అవసరమే.

బ్రిటిష్ రైల్వే ఈ విషయంలో ఒక తెలివైన పని చేసింది. లండన్ యూస్టన్ స్టేషన్ దగ్గర 'కలెక్టర్స్ కార్నర్' పేరుతో దుకాణం తెరిచి నేమ్‌ప్లేట్లు, దీపాలు, గడియారాల్లాంటివి విడివిడిగా జనానికి అమ్మింది. తుక్కు ధరకంటే ఎక్కువొచ్చింది, వస్తువులు కొలిమికి వెళ్లకుండా మిగిలాయి. మన వేలంలో ఇవాళ్టికీ ఒక సామాన్యుడు ఒక్క దీపం కొనాలన్నా కుదరదు. లాటు మొత్తం కొనాలి, దానికి పాత ఇనుము వ్యాపారే తగినవాడు. రైల్వే స్టోర్స్ డిపోల్లో ఇంకా మిగిలిన ఆవిరి సామానునైనా లాట్ల నుంచి విడదీస్తే మంచిది. మొదటి హక్కు నడిచే ఇంజిన్లున్న షెడ్లకు ఇవ్వాలి, తర్వాత మ్యూజియాలకు, ఆ తర్వాత కొనుక్కునేవాళ్లకు. దిమ్మెల మీదున్న ఇంజిన్లలో ఏమేం మిగిలాయో ఒక జాబితా కూడా కావాలి. ఒకే రకం నాలుగైదు చోట్ల ఉంటే వాటిలో ఒకదాన్ని విప్పడానికి వెనకాడకూడదు. ఊరి గుర్తుగా నిలబెట్టినదాన్ని ముట్టుకుంటే స్థానికులు ఒప్పుకోరనే మాట వస్తుంది. పైకి కనిపించని భాగాలు తీసుకుని, బయట ఆకారాన్ని అలాగే వదిలేస్తే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

ఎంత దాచినా ఏదో ఒక రోజు పాత భాగం అరిగిపోతుంది. అప్పుడు కొత్తది చేయాలి. అందులో మనం ఎవరికీ తీసిపోము. నీలగిరి కొండ రైలుకు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఎక్స్ క్లాస్ ఇంజిన్లు ముసలివైపోతే, తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు వాళ్లు ఈ శతాబ్దంలోనే అదే రకం కొత్తవి కట్టారు. కొండ ఎక్కడానికి పళ్ల చక్రాలతో నడిచే, మామూలు ఇంజిన్‌కంటే చిక్కైన యంత్రం అది. డార్జిలింగ్ లైన్ మీద తింధరియా వర్క్‌షాపు కూడా 1889 నాటి డిజైన్‌కు భాగాలు చేసుకుంటూ వచ్చింది. కొత్త సిలిండర్ పోత పోయాలంటే ముందు చెక్కతో దాని నమూనా కావాలి. ఆ చెక్క నమూనాలను పెద్ద వర్క్‌షాపులన్నీ పెట్టుకునేవి. ఇనుమైతే కనీసం కాటాకు వెళ్లి పైసలు తెస్తుంది. చెక్కకు ఆ ధర కూడా రాదు, చెదలు పట్టినా, పొయ్యిలోకి పోయినా అడిగేవాడుండడు. జాబితా రాయడం ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలంటే నేనైతే ఇంజిన్ల దగ్గర కాదు, ఆ చెక్క నమూనాల గదిలో మొదలుపెట్టమంటాను.