వంత పాడిన ఆమె మాటేమిటి?
అంధ జానపద గాయకుడి మీద మీ వ్యాసం బాగుంది. అయితే అందులో చూపు లేదు కాబట్టి దేవుడు గొంతు ఇచ్చాడన్న మాట దగ్గర ఆగిపోయాను. మాది అమలాపురం పక్క పల్లె. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం చూడబోతే అక్కడ తంబుర మీటుతూ ఒక అంధుడు పాడేవారు. 1996 నవంబరు 6 తుపాను మీద ఆయన పాట కట్టారు. కట్టేముందు ఊరూరా తిరిగి అడిగారు: కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచాయా, నడిమికి విరిగాయా? ఉప్పునీరు ఏ చేలో నిలిచింది? కూలిన మానులను చేత్తో తడిమారు. రాత్రుళ్లు చరణాలను భార్య చేత అప్పజెప్పించుకునేవారు. ఇద్దరికీ అక్షరం రాదు. దీన్ని వరం అనేస్తే ఆ కష్టం ఎటు పోయినట్టు?

ఇంకొకటి. మీరు రాసిన గాయకుడి పక్కన తాళాలు వాయిస్తూ వంత పాడిన భార్యకు మీ వ్యాసంలో దక్కింది ఒక్క వాక్యం. వంత లేకపోతే పాడేవాడికి ఊపిరి తీసుకునే సందు ఉండదండీ! బుర్రకథలోనూ అంతే, హాస్యం ఒక వంతగాడిది, రాజకీయం రెండో వంతగాడిది.

మా గాయకుడు డబ్బుల లెక్క మాత్రం ఎవరికీ వదల్లేదు. నాణెం అంచును గోటితో గీరి చూసేవారు. చెల్లని పావలా వేసిన మా బాబాయిని మరుసటి ఏడు గొంతు విని పట్టేశారు.